అన్నింటికీ 'మించు' ఒక్కటేనా?

చిన్నది పడుకుంది గాని, దాని ఇంగ్లీషు పదాల పుస్తకం నా బల్ల మీదే ఉండిపోయింది. అందులో ఒక పుట చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అవుట్‌డూ, సర్‌పాస్, ఎక్సీడ్, ఎక్సెల్, ఎక్లిప్స్, అవుట్‌లివ్ అనే క్రియలను వరుసగా అచ్చువేసి, అన్నింటికీ ఎదురుగా 'మించు' అన్న ఒక్క మాట పెట్టి చేతులు దులుపుకున్నారు. ఎక్సీడ్ సాధారణంగా ఒక హద్దునో, లెక్కనో దాటుతుంది. వేగపరిమితిని ఎక్సీడ్ చేస్తాం గాని పక్కవాణ్ణి చేయం. ఎక్సెల్‌కు ఓడిపోయేవాడంటూ ఉండనక్కరలేదు, గణితంలో రాణిస్తే చాలు. ఎక్లిప్స్ అంటే గ్రహణం గనుక, ఒకరి ముందు మరొకరు కనబడకుండా పోవాలి. ఇవేవీ చెప్పకుండా పిల్లల చేత బట్టీ పట్టించేవారి మీద నాకు గట్టిగానే కోపం వస్తోంది.

మా ఇంగ్లీషు మాస్టారు నల్లబల్ల మీద రన్, షైన్, లివ్ అని రాసి, ఇవి అకర్మకాలని చెప్పి, సుద్దముక్కతో ఒక్కొక్కదాని ముందు 'అవుట్' చేర్చుకుంటూ పోయి, "చూశారా, ఇప్పుడు ప్రతిదానికీ ఒక కర్మ కావలసి వచ్చింది" అన్నారు. ఆ తరువాత, ఒక తల్లి తన కొడుకును అవుట్‌లివ్ చేసిందన్న వాక్యమిచ్చి తెలుగులో చెప్పమన్నారు. వెనుక బల్ల నుంచి ఎవరో "కొడుకును మించి బతికింది" అన్నారు. "ఏ తల్లి కోరుకుంటుందిరా ఆ మించడం?" అని, "కొడుకు పోయాక కూడా బతికి ఉంది" అని తానే రాశారు. ఈ పుస్తకం కూర్చినవారు ఆ తరగతిలో కూర్చుని ఉండవలసింది.

ఇంతవరకు రాసి, తెలుగులోనే ఇన్ని ఛాయలు లేవేమోనని బాధపడబోయాను గాని, ఆ మాట నిలవదు. అధిగమించు, తలదన్ను, త్రోసిరాజను మనకు లేవా? 'మించు'నే తీసుకున్నా, గురువును మించిన శిష్యుడన్నప్పుడు గురువుకు అందులో అవమానం లేదు, సంతోషమే ఉంది. అవుట్‌డూలో ఆ ఆప్యాయత నాకు వినబడదు. కాబట్టి 'మించు' మీద నాకిప్పుడు ఫిర్యాదు లేదు. దాని పక్కన ఒక్క వాక్యమైనా ఇవ్వనందుకే నా కోపమంతా.

చిన్నది మాత్రం అవుట్‌గ్రోను తనంతట తానే పట్టుకుని, పాత బూట్లను అవుట్‌గ్రో చేశానని, అంటే అవి పట్టనంతగా పెరిగానని, నోటుపుస్తకంలో రాసుకుంది. పడుకోబోతూ ఇంకొకటి అడిగింది: బెస్ట్, వర్స్ట్ అనేవి క్రియలైనప్పుడు రెండింటికీ ఓడించడమే అర్థం ఎలా అవుతుందని. మొదటిదానిలో చూపు గెలిచినవాడి మీద, రెండవదానిలో ఓడినవాడి మీద ఉంటుందని చెబుదామనుకుంటున్నాను. ఉదయం బడికి వెళ్లేలోగా రెండింటికీ చెరొక వాక్యం రాసిపెట్టాలి.