ఇంట్లో మగుల్స్ లేరుగా నాన్నా

మొన్న ఆదివారం రాత్రి పళ్ళు తోముకోమని మా అమ్మాయికి మూడోసారి చెప్పాను. "ఐ నో" అంది. తెలుగులో చెప్పమన్నాను. ఆరేళ్ళ పిల్ల, నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని నా వంక కాస్త జాలిగా చూసి, "ఇంట్లో మగుల్స్ లేరుగా నాన్నా, తెలుగెందుకు?" అంది. ఆ ముక్క మాత్రం తెలుగులోనే అంది. నా మొహం చూసి వేసిన భిక్ష అనుకుంటా.

కోప్పడదామంటే నోరు రాలేదు. ఆ సూత్రం నేను నేర్పిందే.

జియోకాషింగ్ ఆడేవాళ్ళు, ఆ ఆట సంగతి తెలియని మామూలు జనాన్ని మగుల్స్ అంటారు. ఆట సులువే. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం ఫోన్లో బాణం గుర్తు చూసుకుంటూ వెళ్ళి, వెతికి, లోపలి కాగితం మీద పేరూ తేదీ రాసి, మళ్ళీ ఉన్నచోటే ఉన్నట్టే పెట్టి రావాలి. డబ్బా పెద్దదైతే లోపల చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే, దానికి తీసిపోనిది ఇంకొకటి వేయాలి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 30 లక్షలకు పైనే ఉన్నాయి. మగుల్స్ కంటపడకుండా తీయడం, పెట్టడం, అదే అసలు పని. కంటపడితే ఎవరో చెత్తనుకుని పారేస్తారు, లేదంటే పిల్లలు ఎత్తుకుపోతారు.

మేము ఇందులోకి దిగడానికి కారణం ప్లేగ్రౌండ్.

ప్లేగ్రౌండ్‌లో నేను పనికిమాలిన తండ్రిని. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో ఫోన్ చూసుకునే రకం. పైగా భయస్తుణ్ణి. పిల్లలు ఇష్టపడే సాహసపు ఆటల్ని ఎలెన్ సాండ్‌సెటర్ అనే నార్వే పరిశోధకురాలు 2007లో ఆరు రకాలుగా విడదీశారు. ఎత్తులెక్కడం, వేగంగా వెళ్ళడం, కత్తీ సుత్తీ పట్టుకోవడం, నీళ్ళూ నిప్పూ ఉన్నచోట తిరగడం, కలబడటం, పెద్దవాళ్ళ కళ్ళు కప్పి ఎటో వెళ్ళిపోవడం. అది చదివి తెగ మెచ్చుకుని తెలిసినవాళ్ళందరికీ పంపించాను. తీరా పార్కుకు వెళ్తే ఆ ఆరింటికీ కలిపి నా దగ్గర ఉన్నది ఒకటే మాట: "జాగ్రత్త, పడతావ్!" ఎన్నిసార్లు అరిచానో గానీ, ఒకరోజు జారుడుబల్ల మీదున్న నాలుగేళ్ళ పిల్లాడు, తెలుగుతో ఏ సంబంధమూ లేనివాడు, కిందున్న చెల్లెల్ని చూసి "జాగత్త!" అని అరిచాడు. తెలుగు వ్యాప్తికి నేను చేసిన సేవ అంతవరకే.

మా పిల్ల మాత్రం గేటు దాటగానే తెలుగు మానేసేది. నేను బెంచీ మీంచి పిలిస్తే ముందు అటూ ఇటూ చూసి, ఆ తర్వాత పలికేది. ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చి నా చెవిలో, "ఇక్కడ అలా మాట్లాడకు నాన్నా" అని చెప్పి వెళ్ళిపోయింది. రెండు వారాలు కుమిలిపోయాను. తర్వాత మొండికేశాను. కావాలని ఇంకా గట్టిగా తెలుగు మాట్లాడేవాణ్ణి. అది వినపడనట్టు నటించడం నేర్చుకుంది. మొండితనం ఎవరి పోలికో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లో ఆఫీసులో ఒకతను చెబితే యాప్ వేసుకున్నాను. తీరా చూస్తే అన్నిటికన్నా దగ్గరి డబ్బా మేము వెళ్ళే పార్కులోనే ఉంది, రెండేళ్ళుగా నేను కూర్చుంటున్న బెంచీ దగ్గరే. ఇంకా నాలుగు మీటర్లు అంటోంది బాణం. పిల్ల బెంచీ చుట్టూ రెండుసార్లు తిరిగి, పార్కంతా వినపడేలా ఇంగ్లీషులో, అది బెంచీ కింద ఉందా అని అరిచింది. ఉయ్యాలల దగ్గరున్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు. కంగారులో నేను గొంతు తగ్గించి, "ష్! తెలుగులో మాట్లాడు. వాళ్ళకు అర్థం కాదు" అన్నాను.

దాని మొహం వెలిగిపోయింది. నా పక్కకు వచ్చి కూర్చుని, గుసగుసగా, "నాన్నా, వాళ్ళు చూస్తున్నారా?" అంది. పార్కులో అది తనంతట తాను మాట్లాడిన మొదటి తెలుగు వాక్యం.

డబ్బా నిజంగానే బెంచీ కిందుంది. డబ్బా అనడం ఎక్కువే, పెన్సిల్ వెనకుండే రబ్బరంత గొట్టం. ఇనుప పట్టీకి అయస్కాంతంతో అతుక్కుని ఉంది. మూత తిప్పితే లోపల కాగితం చుట్ట, వేలెడంత వెడల్పు కూడా లేదు. విప్పిన కొద్దీ చుట్టుకుపోతుంది. పిల్ల రెండు చివరలూ గోళ్ళతో నొక్కి పట్టుకుంటే నేను రాయబోయాను. ఏం పేరు రాయాలి? అసలు పేర్లు రాయొద్దు, సీక్రెట్ కదా అంది. దాని చిన్నప్పుడు ఏదైనా దాచేసి "కాకి ఎత్తుకుపోయింది" అనేవాళ్ళం. ఆ సంగతి దానికి గుర్తుంది. మా జట్టు పేరు కాకి అయింది. రెండక్షరాలే కాబట్టి చోటు సరిపోతుంది, రాయడమూ తేలిక. ఇప్పుడు అదే రాస్తుంది. గుడి మాత్రం అక్షరం కన్నా పెద్దదై, పై గీతలో ఎవరో రాసుకున్న పేరు మీద గొడుగు పట్టినట్టుంటుంది.

ఇక చూడండి నా సంబరం. ప్రతి శనివారం వేట. కుడి, ఎడమ, సందు, తొర్ర, బెరడు, గుంజ, అన్నీ వచ్చేశాయి. నేను ఇరవై ఏళ్ళుగా నోటితో అనని అయస్కాంతం అనే మాట మా పిల్ల రోజుకు నాలుగుసార్లు అనేది. "ఉత్తరం వైపు పద" అంటే ఆగి, "ఉత్తరం అంటే లెటర్ అన్నావుగా?" అంది. రెండూ అన్నాను. నమ్మలేదు. డబ్బాలో కాగితం కనపడగానే, "ఇదీ ఉత్తరమే, అటు వచ్చాం కాబట్టి" అని తీర్మానించేసింది. నా ఆనందం చూడలేక మా ఆవిడ, "దాంతో నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడించడానికి నీకు ఆకాశంలో ఉపగ్రహాలు కావాల్సొచ్చాయి" అంది.

పడుకునే ముందు కథలు కూడా ఇవే. 2000 మే 2 దాకా మామూలు జనం వాడే జీపీఎస్‌లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది, చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. అది తీసేసిన మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక నల్ల బకెట్టు సగం పాతిపెట్టి, ఎక్కడుందో ఇంటర్నెట్‌లో చెప్పేశాడు. మూడు రోజుల్లోపే ఒకాయన వెళ్ళి పట్టుకున్నాడు. ఇదంతా అచ్చ తెలుగులో చెబుదామని మొదలుపెడతాను. అక్షాంశాల దగ్గరకు వచ్చేసరికి అంకెలన్నీ ఇంగ్లీషులో పడిపోతాయి. నా ఫోన్ నంబరే నేను తెలుగులో చెప్పలేను, పిల్లను మాత్రం అరవై ఏడు అనలేదని ఆటపట్టిస్తాను.

ఇక్కడిదాకా చదివి ఎవరైనా ఇదేదో మంచి చిట్కాలా ఉందే అనుకుంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి మరీ చెప్పాను. పిల్లలకు భాష రహస్యమైతే ముద్దొస్తుందని పెద్ద జ్ఞానిలా మాట్లాడాను కూడా.

చెప్పనివి కొన్ని ఉన్నాయి. పిల్లలాడుకునే చోట, పొదల్లో చేతులు పెట్టి తడుముతున్న మగవాణ్ణి ఊహించుకోండి. పైగా నా రంగు, నా యాస. పిల్ల పక్కనుంటే తండ్రిని, లేకపోతే ఎవడో. ఒకసారి అది మధ్యలో విసుగు పుట్టి జారుడుబల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కంచె వెనక మోకాళ్ళ మీద ఉన్నాను. ఒక తల్లి వచ్చి, ఏమైనా సాయం కావాలా అని మర్యాదగానే అడిగింది. మర్యాద వెనకున్న ప్రశ్న నాకు అర్థమైంది. ఇన్నేళ్ళ ఆఫీసు ఇంగ్లీషూ ఆ క్షణంలో గొంతుకు అడ్డం పడింది. మా పిల్ల ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి, ఈయన మా నాన్న, మేము పురుగుల్ని చూస్తున్నాం అని తడుముకోకుండా అబద్ధం చెప్పింది. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది. పిల్ల నా వైపు తిరిగి తెలుగులో, "పోయింది" అంది. మురిసిపోవాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆరేళ్ళకే అది నాకు జామీను ఉండటం నేర్చుకుంది.

ఇంకొకటి. అందరి ముందూ పిల్లను మందలించాల్సి వస్తే నేను ఇంగ్లీషులో మందలిస్తాను. నెమ్మదిగా, పొందిగ్గా, ఎంత మంచి తండ్రో చుట్టుపక్కలవాళ్ళకు తెలిసేలా. అసలు కోపం కారెక్కాక, తలుపేసుకున్నాక, తెలుగులో. అంటే పిల్ల లెక్కలో తెలుగు దేనికి? దాచుకోవడానికి, తిట్లు తినడానికి.

ఇక నెల కిందటి సంగతి.

కొత్త పార్కు. కష్టం, దారి రెండూ ఐదుకు ఒకటిన్నరే అని యాప్‌లో ఉంది, అంటే ఆరేళ్ళ పిల్లకు సరిగ్గా సరిపోయేది. బాణం ఒక బెంచీ వైపు చూపిస్తోంది. బెంచీ మీద ఎవరో పెద్దావిడ. మోకాళ్ళ దాకా కోటు, తల చుట్టూ మఫ్లరు, మొహంలో కళ్ళద్దాలు తప్ప ఏమీ కనపడటం లేదు. మేము పక్కనే చతికిలబడి బూటు లేసులు కట్టుకుంటున్నట్టు నటించాం. పది నిమిషాలైంది. పిల్ల, "ఇప్పుడు తీద్దామా?" అంటుంది. నేను, "ఆగు, ఆవిడ చూస్తోంది" అంటాను. ఇంకో పది నిమిషాలు. చెట్ల కింద బాణం గింగిరాలు తిరుగుతోంది. నాకు విసుగొచ్చి, "ఈ ముసలావిడ ఇప్పట్లో లేచేలా లేదు" అన్నాను.

"నేనిప్పట్లో లేవను గానీ బాబూ," అన్నారావిడ, "మీరు వెతికేది దీని కింద లేదు. నిన్న ఒకాయన ఆ చివరి గుంజ దగ్గర ఏదో పెడుతుంటే చూశాను."

నేలలోకి కూరుకుపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. క్షమించమని అడిగాను. దానికేముంది, ముసలిదాన్నేగా అని నవ్వేశారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చారట. మనవడు ఉయ్యాల మీదున్నాడు, పిలిస్తే పలకడట. రోజూ ఇక్కడే కూర్చుని, ఎవరేం మాట్లాడుకున్నా వింటూ ఉంటారట. మేము గుసగుసలాడుకున్న ఇరవై నిమిషాలూ ఆవిడకు ఎంత హాయిగా గడిచాయో చెప్పారు. నాకు ఇంకా సిగ్గేసింది.

గుంజకున్న గొట్టంలో దొరికింది. కాకి అని రాసి పెట్టేశాం. పిల్ల మాత్రం నోరు విప్పలేదు. కారులో కూర్చున్నాక ఇంగ్లీషులో, చాలా సీరియస్‌గా, ఆవిడకు మన కోడ్ తెలుసు అంది. అది కోడ్ కాదమ్మా, కోట్లమంది మాట్లాడతారు అన్నాను. కోట్లమందికి తెలిస్తే మరి సీక్రెట్ అని ఎందుకు చెప్పావ్ అంది. అద్దంలోంచి నన్నే చూస్తోంది. నేను సిగ్నల్ వంక చూశాను.

అప్పటినుంచి మళ్ళీ వేట మీద మోజు తగ్గింది. ఈ వారం దాన్ని బతిమాలి ఆ పార్కుకే తీసుకెళ్ళాను. కొత్త డబ్బా ఏదీ లేదు, ఉందని అబద్ధం చెప్పాను. ఆవిడ అదే బెంచీ మీద ఉన్నారు. పిల్ల నా చెవిలో ఇంగ్లీషులో ఏదో గొణిగింది, ఆవిడకు తెలుగు వచ్చు కాబట్టి. ఆవిడ నవ్వి, "ఇంగ్లీషూ వచ్చమ్మా, ముప్ఫై ఏళ్ళు బళ్ళో అదే చెప్పాను" అన్నారు.

పిల్లకు దారులన్నీ మూసుకుపోయాయి. కాసేపు ఆవిడ వంకే చూసి, తెలుగులో అడిగింది: "మీరు మగులా?"

"అంటే ఏంటమ్మా?"

పిల్ల నా వైపు చూసింది. నేను ఆవిడ పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. డబ్బాలు, బాణం, కాగితాలు, ఆట తెలియని జనం. ఉయ్యాలల దగ్గర ఇద్దరు తండ్రులు నిలబడి ఉన్నారు. నేను ఓ కంట వాళ్ళను చూస్తూనే చెబుతున్నాను.

ఆవిడ మఫ్లరు చెవి మీంచి పక్కకు లాక్కున్నారు. "తిట్టినప్పుడు బాగానే వినపడింది గానీ, ఇప్పుడేం వినపట్టం లేదు. కాస్త గట్టిగా చెప్పు బాబూ."