నేను పుట్టినట్టు ఎక్కడా రాసి లేదని ఒక సర్టిఫికెట్

పోయిన వారం హైదరాబాద్ పోయి పాస్‌పోర్టు తెచ్చుకున్నాను. లోపల అమెరికా వీసా అతికించి ఉంది. బస్సు కడప చేరేలోపు నాలుగైదు సార్లు తీసి చూసుకున్నాను. రెండేళ్ల పైన పట్టింది. చాలామంది అడుగుతున్నారు, అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

మా ఆవిడ అమెరికన్, ఒహాయోలో నర్సు. ఎలా కలిశామన్నది వేరే కథ. ఆమె నన్ను పిలిపించుకోవాలి, నేను పోవాలి. మన దగ్గర మొగుడి వెంట పెళ్లాం విమానం ఎక్కడం మామూలు. నాది తిరగబడింది. మా ప్రొద్దుటూరు బావ కనబడినప్పుడల్లా "ఏమబ్బీ, ఇల్లరికం ఎప్పుడు?" అంటాడు. ఆయన కూతురు చదువుకు పోయేటప్పుడు వీసా ఫారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నింపింది నేనే. అది మాత్రం గుర్తుండదు.

మొదట కే-1 అనుకున్నాం, కాబోయే భర్తగా పోయే వీసా. అక్కడ దిగిన 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి. తర్వాత గ్రీన్ కార్డుకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. పని చేసుకునే అనుమతి వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఆమె సంపాదన తినాలి. బావ మాట అక్షరాలా నిజమయ్యేది. అందుకని ఇక్కడే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకున్నాం. మా ఇద్దరి పేర్లు 30 రోజులు నోటీసు బోర్డు మీద వేలాడాయి. ముగ్గురు సాక్షులు సంతకాలు పెట్టారు. 2023 జూన్‌లో అయిపోయింది.

ఆగస్టులో ఆమె ఆన్‌లైన్‌లో ఐ-130 వేసింది, అంటే మొగుణ్ని పిలిపించుకోవడానికి అక్కడి ప్రభుత్వానికి పెట్టే అర్జీ. అప్పటి ఫీజు 535 డాలర్లు. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌కు 625, కాగితాల మీద పంపితే 675. పెళ్లి నిజమైనదని చూపడానికి ఫోటోలు, ఆమె వచ్చిపోయిన టికెట్లు, పాలసీలో నామినీ పేరు పెట్టాం. వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి పెట్టేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. ఎవరు చదువుతారు? 14 నెలలకు ఆమోదం వచ్చింది. ఆ తర్వాత ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు పోతుంది. అక్కడ ఒక ఫీజు 325, ఇంకోటి 120. నన్ను పోషించగలనని ఆమె హామీ పత్రం ఇవ్వాలి. ఇద్దరున్న ఇంటికి 2025 లెక్కల్లో ఏడాదికి 26,437 డాలర్లు చూపిస్తే సరిపోయేది. ఆమె జీతం అంతకన్నా చాలా ఎక్కువ. ఇవన్నీ మంచం మీద కూర్చుని ఫోన్లో చేసుకున్న పనులు.

మిగిలింది నా జనన ధ్రువీకరణ పత్రం.

నేను 1990లో మైదుకూరు వైపు ఒక పల్లెలో పుట్టాను. ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో. వెనకటికి ఊళ్లో చావుపుట్టుకలు రాసే మునసబులు, కరణాలు ఉండేవాళ్లు. 1984లో రామారావు గారి ప్రభుత్వం ఆ పదవులు తీసేసింది. తీసేయడం మంచిదే, వాళ్ల పెత్తనం గురించి మా నాయన చెప్పిన కథలు చాలానే ఉన్నాయి. కానీ ఆ తర్వాత మా ఊళ్లో పుట్టినవాళ్ల పేర్లు ఎవరు రాశారో, అసలు రాశారో లేదో ఎవరికీ పట్టలేదు. 1981లో పుట్టిన మా అక్క పేరు రిజిస్టర్‌లో ఉంది. నాది లేదు.

అమెరికా వాళ్లు దీనికీ దారి పెట్టారు. పుట్టుక నమోదు కాకపోతే, నమోదు కాలేదని స్థానిక అధికారి ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తేవాలి. దానికి తోడు స్కూలు రికార్డు, కన్నవాళ్లో దగ్గరి బంధువులో ఇచ్చిన అఫిడవిట్ పెట్టాలి. చదివి, వారం పని అనుకున్నాను. ఆరు నెలలు తిరిగాను. ఆఫీసు పేరు రాయను. రాస్తే మా అమ్మకు రేపు ఏ కాగితం కావాల్సి వచ్చినా అక్కడికే పోవాలి.

మొదటిరోజే అక్కడి సారు, "లేనిదానికి సర్టిఫికెట్ ఎట్లిస్తాం? ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు" అన్నాడు.

"ఆ లేదన్న మాటే కాగితం మీద రాసివ్వండి సార్."

"రాసిస్తే రిజిస్టర్ ఏమైందని రేపు మమ్మల్నడుగుతారు."

అసలు సంగతి అదన్నమాట. నా పేరు లేకపోవడం కాదు, ఆ ఏడాది రిజిస్టరే లేదు. చెదలు తిన్నాయో, ఆఫీసు మారినప్పుడు పోయిందో చెప్పరు. దాని బదులు, ఆలస్యంగా నమోదు చేయించుకో, ఆర్డీఓ ఉత్తర్వు కావాలి, విచారణ ఉంటుంది, అమ్మను పిలుచుకుని రా అన్నాడు. సరే అన్నాను. నేను చేసిన తప్పు అదే.

అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రెండు బస్సులు మారి తీసుకుపోయాను. పదకొండుకు రమ్మని మూడున్నరకు పిలిచారు. ఉన్న ఒక్క కుర్చీలో సారు భోజనం క్యారియర్ ఉంది. దాన్ని తీయమని ఆయన అనలేదు, నేనూ అనలేకపోయాను. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమ్మా, కొడుకు ఎప్పుడు పుట్నాడు?"

అమ్మ తడుముకోలేదు. "పసల పండగ నాడు సార్, తెల్లారుజామున. ఎనుముల కొమ్ములకు రంగు పూసేదానికని మా ఆయన లేసినాడు, అప్పుడే నొప్పులొచ్చినాయి" అంది. నోరు తిరిగిన సాక్షిలా, సంతోషంగా చెప్పింది. ఇన్నేళ్లకు ఒక ఆఫీసరు తనను ఆ మాట అడిగాడు మరి.

పసల పండగంటే కనుమ, జనవరిలో వస్తుంది. నా పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో ఉన్న తేదీ మాత్రం 12-06-1990. బడిలో చేర్పించింది మా చిన్నాయన. తేదీ అడిగితే ఆయనకు తెలీదు, అయ్యవారు జూన్‌లో ఏదో ఒకటి వేసుకున్నారు. మా క్లాసులో సగం మందిమి జూన్‌లోనే పుట్టాం. మీ ఇళ్లలోనూ చూసుకోండి.

సారు ఫైలు మూసి గట్టిగా నవ్వాడు. "మీ ఊర్లో పసల పండగ జూన్‌లో వస్తాదామ్మా?" పక్క టేబుల్ వాళ్లూ నవ్వారు. పింఛను పని మీద వచ్చినవాళ్లు నవ్వాలా వద్దా అని చూశారు. "కన్నతల్లికే తెల్దు, అమెరికా వాళ్లకేం చెప్తారప్పా? ఆ తెల్లమ్మాయికి యా తేదీ చెప్పి చేసుకున్నావు?" అన్నాడు. నాకు 35 ఏళ్లు, నెలకు ఇంత అని సంపాదిస్తున్నాను, నలుగురిలో మాట చెల్లేవాణ్ని. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఫైలు మీద "తేదీల్లో తేడా" అని ఎర్ర ఇంకుతో రాసి వెనక్కిచ్చాడు.

బస్సులో చాలాసేపు అమ్మ మాట్లాడలేదు. ఖాజీపేట దాటాక అడిగింది: "అబద్ధం చెప్పాల్సిండెనా నాయనా? ముందే చెప్పింటే జూనే అనేదాన్ని కదా."

మీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: ఆఫీసు మెట్లెక్కే ముందు మీ అసలు తేదీ, కాగితాల తేదీ ఒకటేనా కాదా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఒకటి కాకపోతే ఆలస్యపు నమోదు జోలికి పోకండి. లేదన్న సర్టిఫికెట్టే అడగండి.

బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన ఎనిమిది వేలకు జూన్ తేదీతో సర్టిఫికెట్ తెప్పిస్తానన్నాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే ఏసీ గదిలోంచి ఇంగ్లీషులో అదే మాట చెప్పి 60 వేలు అడిగారు. జిరాక్స్ షాపాయనే నయం. దొంగ కాగితం పెట్టి దొరికిపోతే అమెరికా వాళ్లు జీవితాంతం రానివ్వరు. దానికి మాఫీ అడగొచ్చు, దొరకడం కష్టం. అది పక్కన పెట్టినా, మా అమ్మ నిజం చెప్పి నవ్వులపాలైంది. నేను పోయి అబద్ధం కొనుక్కొస్తే ఆ సారు నవ్వు సరైనదే అవుతుంది.

ఇక్కడ నేను కొంచెం గొప్ప చెప్పుకుంటాను. సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టాను. "1990 సంవత్సరపు జనన రిజిస్టర్ నకలు ఇవ్వగలరు" అని ఒకే వాక్యం. మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసుకు ఫీజు ఐదు రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 28వ రోజు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది: సదరు సంవత్సరపు రిజిస్టర్ ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు. సంతకం, సీలు, తేదీ. లేదని రాస్తే మా మీదికొస్తుందన్న మనుషులే రాసిచ్చారు! ఆ కాగితం జత చేసి, సోమవారం కడప కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. మూడు వారాలకు ఫోన్ చేసి సర్టిఫికెట్ తీసుకుపొమ్మన్నారు. అదే సారు. ఈసారి కుర్చీ ఖాళీగా ఉంది. నేను కూర్చోలేదు.

అఫిడవిట్‌లో అమ్మ చేత ఉన్నదున్నట్టు రాయించాను. ఇంట్లో పుట్టాడు, పండగ నాడు పుట్టాడు, నమోదు చేయలేదు, బడిలో జూన్ అని రాశారు, అప్పటి నుంచి రికార్డులన్నిటిలో అదే నడుస్తోంది అని. లాయరు రెండు తేదీలు రాయొద్దన్నాడు. నేను వినలేదు.

తర్వాతివన్నీ తేలిక. పోలీస్ క్లియరెన్స్ 500 రూపాయలు, తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ టీ కూడా తాగలేదు, మంచివాడు. సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో మెడికల్: ఎక్స్‌రే, రక్త పరీక్ష, టీకాలు. చిన్నప్పటి టీకాల కార్డు లేకపోతే అక్కడే మళ్లీ వేస్తారు, చెయ్యి రెండు రోజులు లేవదు.

ఇంటర్వ్యూ అక్టోబర్‌లో ముంబైలో. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. కిటికీ అవతల ఆఫీసరు మా ఆవిడ ఏం చేస్తుంది, ఎన్నిసార్లు వచ్చింది, మా ఇంట్లో ఎవరెవరుంటారు అని అడిగింది. తర్వాత అమ్మ అఫిడవిట్ తీసి నిదానంగా చదివింది. నా గొంతు ఎండిపోయింది. "మరి పుట్టినరోజు ఎప్పుడు చేసుకుంటారు?" అంది. జూన్‌లో మా ఆవిడ కేకు కోయిస్తుంది, జనవరిలో మా అమ్మ పాయసం చేస్తుంది అన్నాను. నవ్వింది. అదీ నవ్వే. కాగితాలు ఒకవైపు పెట్టి, మీ వీసా ఆమోదించాం అని చెప్పింది. మొత్తం ఆరు నిమిషాలు.

ఇంకో సంగతి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అక్కడ దిగితే రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు ఇస్తారు. అది ముగిసే ముందు మళ్లీ ఫీజు కట్టి, మా పెళ్లి ఇంకా నిజమేనని మళ్లీ నిరూపించుకోవాలి. రెండేళ్లు దాటాక దిగితే నేరుగా పదేళ్ల కార్డు. మాకు 2025 జూన్‌తో రెండేళ్లు నిండాయి. ఆ ఆఫీసులో ఆరు నెలలు పోకపోయుంటే నాకు షరతుల కార్డే వచ్చేదేమో. ఇది బావతో అంటే, "అయితే ఆ సారుకు శాలువా కప్పి రా" అన్నాడు. నేను కప్పను.

గ్రీన్ కార్డు అచ్చు వేయడానికి ఇంకో 235 డాలర్లు కట్టాలి, ఈ రాత్రికి కట్టేస్తాను. వీసా గడువు మెడికల్ అయిన రోజు నుంచి ఆరు నెలలు, అంటే మార్చి దాకా ఉంది. మా ఆవిడ క్రిస్మస్‌కు వచ్చేయమంటోంది. అమ్మ ఏమీ అనలేదు, ఎనుముల కొమ్ములకు రంగు డబ్బాలు మాత్రం ఇప్పుడే తెప్పించి అటక మీద పెట్టింది. జనవరి 20కి బెంగళూరు నుంచి టికెట్ చూస్తున్నాను.