రోహిణి కార్తెలో రాత్రంతా జ్యేష్ఠ

రోహిణి కార్తెలో రోహిణి చుక్క కనిపించదు. సూర్యుడు అప్పుడు ఆ చుక్క వైపే ఉంటాడు, కార్తె లెక్కే అది. అందుకని మే చివర, సింగరాయకొండ చుట్టుపక్కల మేమంతా వేడికి తాళలేక డాబాల మీద పడుకునే రోజుల్లో, రాత్రి పొడవునా ఆకాశంలో ఉండేది రోహిణికి దాదాపు ఎదురుగా ఉండే జ్యేష్ఠ. పొద్దు గూకేసరికి ఆగ్నేయంలో లేస్తుంది, తెల్లవారేసరికి నైరుతిలో దిగుతుంది. కార్తెలు చూసి దుక్కి దున్నే ఊళ్లో ఈ సంగతి పిల్లలకు చెప్పేవాళ్లు లేకుండా పోతున్నారు. నాకు అది బాధ.

ఈ జ్యేష్ఠ ఉండే వృశ్చిక రాశిని నేను ఎండాకాలంలో కాకుండా పొగాకు క్యూరింగ్‌లో నేర్చుకున్నాను. ఆకు పచ్చదనం విరిగి పసుపు తిరిగే దశలో బ్యారన్ (ఆకు కాల్చే గది) వేడి తప్పకూడదు, రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాల్సిందే. ఫిబ్రవరిలో రెండు గంటలకు జ్యేష్ఠ వస్తుంది, మూడున్నరకల్లా తేలు తోకతో సహా పైకి వచ్చేస్తుంది. పొయ్యి ముందు నుంచి లేచి వెంటనే తల ఎత్తితే ఏమీ కనబడదు. బ్యారన్ వెనక చీకట్లోకి పోయి ఇరవై నిమిషాలు నిలబడితే కళ్లు కుదుటపడతాయి. అప్పుడు తల, నడుము, వంపు తిరిగిన తోక, కొండి అన్నీ ఒక్కొక్కటిగా తేలతాయి. గీత గీసి చూపించాల్సిన పని లేకుండా పేరుకు తగ్గ ఆకారం ఉన్న రాశులు చాలా తక్కువ, ఇది వాటిలో మొదటిదని నా అభిప్రాయం.

జ్యేష్ఠ ఎరుపు వట్టి కంటికే తెలుస్తుంది. సూర్యుడికి సుమారు 700 రెట్లు వెడల్పైన ముసలి నక్షత్రం అది. మన సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్య కూడా దాని లోపలే ఉంటుంది. దూరం 550 కాంతి సంవత్సరాల దగ్గర. అంటే ఇప్పుడు మన కంట్లో పడే వెలుగు బయలుదేరేటప్పటికి శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను ఇంకా పట్టలేదు, గజపతుల నుంచి ఆయన దాన్ని పట్టింది 1514లో. ఆ కోట గోడల పక్కన నిలబడి జ్యేష్ఠను చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

జ్యేష్ఠకు కాస్త పడమరగా బైనాక్యులర్ తిప్పితే మసకగా, గుండ్రంగా ఒక మచ్చ. అదే ఎం4 (మెసియే అనే ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడి పట్టికలో నాలుగోది), ఆరు వేల కాంతి సంవత్సరాల దూరంలో లక్ష దాకా నక్షత్రాలు ముద్దకట్టిన గుచ్ఛం, వయసు 1,200 కోట్ల సంవత్సరాల పైమాటే. చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు, తెలిసి చూస్తేనే దాని విలువ.

అసలు సంపదంతా తోకలో ఉంది. తోక వంపు తిరిగే చోట రెండు చుక్కలు ఆనుకున్నట్టు కనిపిస్తాయి. నారింజ రంగుది 130 కాంతి సంవత్సరాల్లో ఉంటే, నీలి రంగుది వేల కాంతి సంవత్సరాల వెనక ఉంది. ఒకే చూపు గీతలో పడ్డాయంతే. వాటికి కొంచెం ఉత్తరాన చిన్న తారల గుంపు, బైనాక్యులర్‌లో చూస్తే తోకచుక్కేమో అనిపిస్తుంది.

కొండికి ఈశాన్యంగా ఎం6, ఎం7 అనే తారల గుంపులు. ఎం7 గురించి క్రీ.శ. 2వ శతాబ్దిలోనే అలెగ్జాండ్రియాలో టాలెమీ రాశాడు. 1764లో పారిస్ నుంచి మెసియే దాన్ని తన పట్టికలో చేర్చాడు. అక్కడ అది ఎంత ఎత్తుకు వచ్చినా దిగంతం మీద ఆరు డిగ్రీలే. మనకు నలభై! ఆయన పట్టికలో అన్నిటికంటే దక్షిణాన ఉన్నది అదే. లండన్‌లో అయితే తేలు తోక పూర్తిగా పైకే రాదు. దూరదర్శినులు, పట్టికలు ఆ దేశాల్లో పుట్టాయి, ఈ తోక మాత్రం మన వాకిట్లో ఉంది. ఖరీదైన పరికరాలు లేవని ఆగిపోయే కుర్రాళ్లకు నేను ఇదే చెబుతుంటాను.

ఒక రాత్రి పాకల తీరంలో మా పెద్దమ్మకు ఎం7 చూపించాను. చాలాసేపు బైనాక్యులర్ దించలేదు.

"ముగ్గుపిండి విదిల్చినట్టుంది రా. ఇన్నాళ్లూ ఇది ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది పెద్దమ్మా."

"మరి చెప్పలేదేం ఎవరూ?"

నెబ్యులాల (వాయువు, ధూళి మేఘాల) విషయంలో మాత్రం ఆశ పెంచుకుని రావద్దు. కొండి దగ్గరి మూలా నక్షత్రానికి కొంచెం వాయవ్యంగా పిల్లి పంజా నెబ్యులా ఉంది, 1837లో జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రం నుంచి కనుగొన్నాడు. ఫొటోల్లో కనిపించే ఎరుపును మసక వెలుగులో మన కన్ను పట్టుకోలేదు. ఫోనును స్టాండు మీద కదలకుండా పెట్టి ముప్పై సెకన్లు తీస్తే పాలపుంత, అందులోని నల్లటి ధూళి చారలు బాగా వస్తాయి. నెబ్యులాకు కెమెరా, ఓపిక రెండూ కావాలి.

కంటికీ బైనాక్యులర్‌కూ అందనిది ఇంకొకటి ఈ రాశిలోనే ఉంది. సూర్యుణ్ణి పక్కన పెడితే, ఎక్స్-కిరణాలు వెదజల్లుతూ మొట్టమొదట దొరికిన వస్తువు అది. 1962లో ఒక రాకెట్ వాతావరణం పైకి పోయి కనిపెట్టింది, ఎందుకంటే ఆ కిరణాలు నేల దాకా రావు. ఓ న్యూట్రాన్ తార (పెద్ద తార పేలిపోయాక మిగిలిన గట్టి ముద్ద) పక్కనున్న చిన్న తార నుంచి వాయువును లాగుతుంటే పుట్టే వేడి వెలుగు. ఆ కిరణాలను చూసే మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం 2015 సెప్టెంబరు 28న వెళ్లింది మాకు దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచే.

మా చెల్లెలి కూతురిది మూలా నక్షత్రం. ఆ మాట వినగానే సంబంధం వాళ్లు ఫోను పెట్టేశారు. ఆ పిల్లను డాబా మీదికి తీసుకెళ్లి కొండి దగ్గర జంటగా ఉన్న రెండు చుక్కలు చూపించాను. "ఇంత అందంగా ఉన్నాయి కదా మామయ్యా, వీటికి భయమెందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఆ భయం పెంచేవాళ్ల మీద కోపం ఉంది.

చూడదలిచినవాళ్లు జూన్‌లో అమావాస్యకు అటూ ఇటూ పది గంటల తర్వాత రండి. నైరుతి వానలు మనకు తక్కువ కాబట్టి జూలైలోనూ మబ్బు విడిచిన రాత్రులు దొరుకుతాయి. తీరం వెంట రొయ్యల గుంటలు పెట్టుకున్నవాళ్లకు ఒక్క మనవి. గట్ల మీది లైట్లకు పైన రేకు మూత బిగించి వెలుగు నీళ్ల మీదికే పడేలా తిప్పండి. మీకు వెలుతురు తగ్గదు, దక్షిణాన తేలు తోక మాకు మిగులుతుంది.