మొదటి అర్జీ చింపేశాం

2025 జులై 8, మంగళవారం. పీర్ల పండుగ అయి రెండు రోజులు. కడపలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ అంగడి ఉంది, సోమవారం కలెక్టరేట్‌కు పోయేవాళ్ళకు అర్జీలు రాసిపెడుతుంటాను. అందులో కువైట్ గోడు ఎక్కువ. సేట్ జీతం ఇయ్యలేదు, పాస్‌పోర్టు ఇయ్యలేదు, శవం ఇంకా రాలేదు, ఇట్లాంటివి. మా అమ్మ కూడా అక్కడ పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చింది.

ఆ రోజు ఫోన్లో వార్త చదివి వినిపించాను. కేరళ నర్సు నిమిష ప్రియకు యెమెన్‌లో 16వ తేదీన మరణశిక్ష. ఉరి వేస్తారంట అన్నాను, తర్వాత చూస్తే అక్కడ కాల్చి చంపుతారు. అమ్మ వేరే ఏమీ అడగలేదు, ఒకటే అడిగింది: "పాస్‌పోర్టు యాడ పెట్టినాడు వాడు?" తన పాస్‌పోర్టు పదకొండేళ్ళూ సేట్ బీరువాలోనే ఉండేది. ఇంటికి వచ్చి పోయేటప్పుడు తప్ప కళ్ళతో చూడలేదు.

కథ చాలామందికి తెలిసిందే. పాలక్కాడ్ జిల్లా ఆమె, 2008లో యెమెన్ పోయింది. అక్కడ క్లినిక్ పెట్టాలంటే స్థానికుడు భాగస్తుడుగా ఉండాల్సిందే, అట్లా తలాల్ అబ్దో మహ్దీతో కలిసి 2015లో సనాలో పెట్టింది. అతను పాస్‌పోర్టు లాక్కున్నాడని, పెళ్ళయినట్టు దొంగ కాగితాలు పుట్టించి హింస పెట్టాడని ఆమె చెప్పింది. 2017లో పాస్‌పోర్టు తీసుకుందామని మత్తు ఇంజెక్షన్ ఇస్తే మనిషే పోయాడని ఆమె మాట. ఆ తర్వాత శవాన్ని ముక్కలు చేసి నీళ్ళ ట్యాంకులో వేశారు. 2020లో శిక్ష పడింది, 2023 నవంబరులో అక్కడి పైకోర్టూ దాన్నే ఖాయం చేసింది.

ఎనిమిది రోజులే టైం. అదే ఏడాది ఫిబ్రవరి 15న అబుదాబిలో యూపీ ఆమె షహజాదీ ఖాన్‌కు శిక్ష అమలు చేసేశారు, ఆ సంగతి మార్చిలో ఢిల్లీ హైకోర్టులో చెప్పేదాకా వాళ్ళ నాయనకే తెలీదు. అది గుర్తొచ్చి నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి కూర్చొని, ఆమెకు మాఫీ అడుగుతూ మూడు పేజీల అర్జీ టైప్ చేశాను. అమాయకురాలు, అబల, వాడు రాక్షసుడు, ఇట్లా. నా అర్జీలన్నీ అట్లే ఉంటాయి లెండి, కొంచెం ఏడుపు లేకుంటే ఆఫీసులో ఎవరూ చదవరు.

మరుసటి రోజు కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళను అమ్మే పిలుచుకొచ్చింది. నలభై దాకా సంతకాలు, వేలిముద్రలు పడినాయి. ఒకామె కుడి చేతి వేళ్ళు ఇస్త్రీపెట్టెతో కాలి గట్టిపడిపోయినాయి, ముద్ర పడటం లేదు. ప్యాడ్ మీద రెండుసార్లు అద్దినా సిరా మరకే తప్ప గీతలు రాలేదు. ఎడమ చెయ్యి పెట్టించాను.

మధ్యాహ్నం ఆధార్ జిరాక్సుకు ఒకాయన వచ్చాడు, బాగా తెలిసినాయనే. సంతకం పెట్టు మామా అంటే కాగితం మొత్తం చదివి బల్ల మీద పెట్టేశాడు. వాళ్ళ అన్నను ఎప్పుడో ఫ్యాక్షన్‌లో నరికేశారు.

"మా యన్నను నరికినోళ్ళు మంచోళ్ళని, మా యన్నే రాక్షసుడని ఎవరన్నా రాసుకొచ్చి సంతకాలు అడిగితే నేనేం జేస్తానబ్బా? సచ్చినోనికి ఇల్లూవాకిలీ లేదా?"

నాకు కోపమే వచ్చింది. ఆ ఆడవాళ్ళకు ఇంకా వచ్చింది, వాడు పెట్టిన బాధలు రాయకుంటే ఇంకేం రాస్తారు అని. కానీ సాయంత్రం పెద్ద దర్గా దగ్గర అరబ్బీ వచ్చిన ఒక పెద్దాయనకు కాగితం చూపిస్తే ఆయనా అదే అన్నాడు. అక్కడి చట్టంలో ఖిసాస్ అని ఉంటుంది, అంటే ప్రాణానికి ప్రాణం. మాఫీ చేసే హక్కు చచ్చినాయన వారసులది. వాళ్ళు ఊరికే క్షమించొచ్చు, దియా అని ప్రాణానికి బదులు సొమ్ము తీసుకోవచ్చు, కాదనొచ్చు. "వాళ్ళ ముందర పోయి వాళ్ళ పిల్లోణ్ణే తిడతావా? ఇది మాఫీ అడిగే కాగితం కాదు, పంచాయితీకి పిలిచే కాగితం" అన్నాడు. తర్వాత చూస్తే తలాల్ తోడబుట్టినవాడు కూడా మీడియాతో, నేరం చేసినామెను బాధితురాలిగా చూపిస్తున్నారని మండిపడ్డాడు.

చింపేశాం. రెండు కాగితాలు చేశాం. ఢిల్లీకి పోయే దాంట్లో పాస్‌పోర్టు గురించి, ఆమె చెప్పిన బాధల గురించి రాశాం, ఆ సంగతులు సర్కారుకు కావాలి గనక. ఆ ఇంటివాళ్ళకు పోయే దాంట్లో ఐదే లైన్లు. మీ ఇంటి మనిషి పోయాడు, తప్పు జరిగింది, ఆ లోటు మేము తీర్చలేము, ఆమెకు ఒక కూతురుంది, మాఫీ చేయమని అడుగుతున్నాం. ఆ ఐదు లైన్లకు ఒక రాత్రంతా పట్టింది. పెద్దాయన అరబ్బీలో చేత్తో రాసిచ్చాడు, ఫోటో తీసి కేరళలో ఆమె కోసం పని చేస్తున్న యాక్షన్ కౌన్సిల్‌కు మెయిల్ పెట్టాం. సనాలో మన ఎంబసీ పనిచేయడం లేదు, నేరుగా పంపే దారి మాకు తెలీదు.

సంతకాలు మళ్ళీ మొదటి నుంచి. "చంపింది గదా?" అని అడిగినోళ్ళకు ఈసారి ఔను, చంపింది అని చెప్పి అడిగాం. కొందరు వెళ్ళిపోయారు. కొందరు వందా రెండొందలు చేతిలో పెట్టబోయారు, సౌదీలో మరణశిక్ష పడిన కోజికోడ్ అబ్దుల్ రహీమ్‌ను విడిపించడానికి 2024లో 34 కోట్లు జమ అయింది గదా అని. మేము తీసుకోలేదు. ఆ లెక్క చూసే ఓపిక మాకు లేదు, పైగా అవతల ఇంటివాళ్ళు ఒప్పుకోకముందే డబ్బు మాట ఎత్తితే బేరంలాగుంటుంది.

గురువారం ఢిల్లీకి స్పీడ్ పోస్ట్. చేరేలోపల టైం అయిపోతుందని స్కాన్ చేసి విదేశాంగ శాఖకు మెయిల్ కూడా పెట్టాం. ఎవరన్నా ఇట్లాంటి పని చేస్తే మెయిల్ ముందు పెట్టండి, పోస్టు తర్వాత. సోమవారం 14న కలెక్టరేట్‌లో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. అదే రోజు సుప్రీంకోర్టులో అటార్నీ జనరల్, ప్రభుత్వం చేయగలిగిందంతా చేసింది, ఇంక చేయడానికి పెద్దగా లేదని చెప్పాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

15న మధ్యాహ్నం అంగట్లో ఉండగా వాయిదా పడిందని వార్త. కేరళ ముస్లిం పెద్ద కాంతపురం అబూబకర్ ముస్లియార్ యెమెన్ మతపెద్దలతో మాట్లాడించాడని రాశారు. మా కాగితం ఎవరన్నా చదివారో లేదో. అమ్మకు ఫోన్ చేస్తే "ఎన్నాళ్ళకు వాయిదా?" అంది. తేదీ ఇవ్వలేదమ్మా అన్నాను.

ఆ జిరాక్స్ మామ సంతకం పెట్టలేదు, కడదాకా పెట్టలేదు. కానీ అంగడికి వచ్చినప్పుడల్లా చిల్లర లెక్కపెట్టుకుంటూ, నా మొహం చూడకుండా అడుగుతాడు: "ఆ పాప సంగతేమైందబ్బా?"