సాక్సులో లేని ముడత

సాక్సు వేళ్ల కింద ముడత పడిందనుకున్నాను. నడక ఆపి, బూటు విప్పి చూస్తే సాక్సు సరిగ్గానే ఉంది. మళ్లీ వేసుకుని నాలుగడుగులు వేయగానే అదే ముడత. కొన్నాళ్లకు ఒట్టి పాదాలతో నేల మీద నిలబడినా వేళ్ల కింద ఏదో మడత పెట్టినట్టే ఉండేది. ముడత సాక్సులో లేదని అప్పుడు తెలిసింది.

అప్పటికి నాకు షుగరు వచ్చి 11 ఏళ్లు. రెండు బొటనవేళ్లలో తిమ్మిరిగా మొదలైనది ఏడాది తిరిగేసరికి అరికాళ్లంతా పాకింది. పగలు దూది మీద నడుస్తున్నట్టు ఉండేది. రాత్రి పడుకోగానే మంటలు. ఉన్నట్టుండి ఒక వేలిలో కరెంటు కొట్టినట్టు పోటు వచ్చి లేచి కూర్చునేదాన్ని. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక పాదాలు బయట పెట్టుకుని పడుకునేదాన్ని. తాకితే తెలియని పాదం దుప్పటి బరువుకు ఎందుకు మండుతుందో ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు. ఎక్కువసేపు నిలబడటం వల్లనో, వయసు వల్లనో అని సర్దిచెప్పుకుంటూ రెండేళ్లు గడిపేశాను. ఆ రెండేళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

చివరికి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ట్యూనింగ్ ఫోర్కు తీశారు. సెకనుకు 128 సార్లు కంపించే రెండు కొమ్ముల లోహపు కడ్డీ అది. దాన్ని అరచేతికి కొట్టి ముందు నా మణికట్టు ఎముక మీద ఆనించారు. జుమ్మని తెలిసింది. తర్వాత కళ్లు మూసుకోమని, బొటనవేలి మీద పెట్టి, "కంపనం ఆగిపోగానే చెప్పండి" అన్నారు. "ఆగిపోయింది" అన్నాను వెంటనే. ఆవిడ ఏమీ మాట్లాడకుండా అదే కడ్డీని తీసి మళ్లీ నా మణికట్టు మీద ఆనించారు. అది ఇంకా కంపిస్తూనే ఉంది.

ఆ తర్వాత సన్నని నైలాను పోగు. 10 గ్రాముల ఒత్తిడికి వంగిపోయేలా తయారుచేస్తారట. అరికాలిలో అక్కడక్కడ ఆనిస్తాను, తగిలినప్పుడల్లా చెప్పండి అన్నారు. ఎంతసేపటికీ ఏమీ తగలకపోయేసరికి "మొదలుపెట్టారా?" అని అడిగాను. "ఈ పాదం అయిపోయిందమ్మా" అన్నారు మెల్లగా.

పెరిఫెరల్ న్యూరోపతీ, అంటే కాళ్లకూ చేతులకూ వెళ్లే నరాలు దెబ్బతినడం, అన్న పేరు ఆ రోజే విన్నాను. పేరుకన్నా ఆవిడ చెప్పిన తీరు నాకు ఎక్కువ ఉపయోగపడింది. కాలివేలికి వచ్చే నరం నడుము దగ్గర మొదలవుతుంది, పొడవు దాదాపు ఒక మీటరు. షుగరు నరాలన్నిటినీ దెబ్బతీసినా అన్నిటికన్నా పొడవైనవి ముందు చెడిపోతాయి. అందుకే రెండు పాదాల్లో ఒకేలా మొదలై పైకి పాకుతుంది. మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతివేళ్లలో కూడా కనిపిస్తుంది. దెబ్బతిన్న నరాల్లో కొన్ని పోగులు ఏ కారణమూ లేకుండా మంట మంట అని కబురు పంపుతుంటాయి. మరికొన్ని నిజంగా కాలినా, తెగినా ఏ కబురూ పంపవు. నా దుప్పటి చిక్కుముడి అలా వీడింది. "మంట మిమ్మల్ని నిద్రపోనివ్వదు, అంతే. మీకు ప్రమాదం మొద్దుబారిన చోటు నుంచి వస్తుంది" అన్నారు. ఆ మాట విన్నాను గానీ ఒంటికి పట్టించుకోలేదు.

నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష కూడా చేశారు. చిన్నచిన్న షాకులు, ఓర్చుకోగలిగినవే. సన్నని నరాలు మాత్రమే దెబ్బతిన్నవారికి ఈ పరీక్షలో తేడా కనిపించకపోవచ్చు. అలాంటివారు రిపోర్టు బాగుందని తమ బాధను తామే అనుమానించుకోకూడదు. రక్తపరీక్షలో నాకు బి12 బాగా తక్కువగా ఉందని తేలింది. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మందును ఏళ్ల తరబడి వాడేవారిలో ఆ విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది, అది తగ్గినా నరాలు పాడవుతాయి. అంతా షుగరు వల్లనే అనుకుని నా బి12 అంతవరకూ ఎవరూ చూడలేదు. మీరు ఆ మందు వాడుతుంటే ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోండి. ఇంకొక సంగతి. నరాల బలానికని నా అంతట నేను మూడు రకాల బిళ్లలు వేసుకుంటున్నాను. మూడింటిలోనూ బి6 ఉంది. మోతాదు మించితే బి6 కూడా నరాలకు హాని చేస్తుందని చెప్పి వాటిని ఆపించారు.

మంటకు ప్రీగాబాలిన్ ఇచ్చారు. రాత్రిపూట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదటి రెండు వారాలు మత్తుగా, తల తిరుగుతున్నట్టు ఉంది. తర్వాత సర్దుకుంది. ఉన్నట్టుండి మానకూడదని గట్టిగా చెప్పారు. మంట సగానికి సగం తగ్గింది. మూడేళ్లలో మొదటిసారి తెల్లవారేదాకా నిద్రపోయాను. జబ్బు నయమైపోయిందనే అనుకున్నాను.

ఒక సాయంత్రం బూటు విప్పితే సాక్సు పాదానికి అంటుకుపోయి ఉంది. లాగితే రక్తం. బూటు తిరగేస్తే చిన్న మరమేకు ఒకటి టక్కుమని నేల మీద పడింది. అరంగుళం కూడా లేదు. ఉదయం నుంచి రోజంతా దాని మీద అడుగులు వేశాను. నొప్పి లేదు గనుక కడిగి కట్టు కట్టుకుని, మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు మా అమ్మాయి వాసన గుర్తుపట్టింది. ఆ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆ పాదం మీద బరువు మోపనివ్వలేదు. మందు తగ్గించింది మంటనే. పోయిన స్పర్శ ఆ మందుతో రాదు. ఈ మాట మందు చీటీ రాసేటప్పుడే ప్రతి రోగికీ విడమరచి చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అప్పటి నుంచి పాదాలు చేయాల్సిన పని కళ్లతో చేయిస్తున్నాను. బూటు వేసుకునే ముందు తిరగేసి దులిపి, లోపలికి టార్చి వేసి చూస్తాను. ఇంట్లోనూ చెప్పులు లేకుండా అడుగు పెట్టను. స్నానం నీళ్లలో ముందు మోచేయి పెడతాను, పాదం మాట నమ్మను. వేడినీళ్ల సంచి కాళ్ల దగ్గరికి రానివ్వను. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరిస్తాను. ఆనెలను బ్లేడుతో కోసుకోవడం మానేశాను. పాదాలకు క్రీము రాస్తాను గానీ వేళ్ల సందుల్లో రాయను. అక్కడ తడి నిలిస్తే చర్మం నాని చీలుతుంది.

నిలకడ పోవడం గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. ఒకసారి ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ముందుకు తూలాను. పాదం నేల మీద ఎలా ఆనిందో మెదడుకు కబురు అందడం లేదు. ఇన్నాళ్లూ ఆ లోటు కళ్లు పూడుస్తూ వచ్చాయి. కళ్లు మూస్తే ఆధారం లేదు. చీకటిలోనూ అంతే. ఇప్పుడు ముఖం కడుక్కునేటప్పుడు తుంటిని గట్టుకు ఆనిస్తాను. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా చిన్న దీపం వెలుగుతుంది. ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు పట్టుకోవడానికి ఆసరా పక్కనే ఉంచుకుని రోజూ ఒంటికాలి మీద నిలబడతాను. మొదట మూడు లెక్కపెట్టేలోపే పడబోయేదాన్ని, ఆరు నెలలకు పన్నెండు దాకా వచ్చాను. కారు నడపడం మానేశాను. పాదం ఏ పెడలు మీద ఉందో చూసుకుంటే గానీ తెలియనప్పుడు నడపకూడదు. తాళాలు మా అమ్మాయి చేతిలో పెట్టిన రోజు చాలా ఏడ్చాను.

పైకి ఏమీ కనిపించని జబ్బు ఇది. "నిన్న బాగానే నడిచావు కదా" అని మావారు అన్నప్పుడు మొదట్లో కోపం వచ్చేది. ఒక రాత్రి ఆయన్ను కూర్చోబెట్టి, నేను కళ్లు మూసుకుని, నా కాలివేళ్లలో ఏదో ఒకటి పట్టుకోమన్నాను. ఏ వేలో చెప్పలేకపోయాను. ఐదుసార్లు అడిగారు, ఐదుసార్లూ తప్పే చెప్పాను. ఆయన ఆ వేలు వదలకుండా చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ఇప్పుడు రాత్రి పాదాలు చూసే పని ఆయనదే. ఐదు నిమిషాలు. వేళ్ల సందులు, మడమ, అంచులు చూసి, రెండు పాదాల మీదా చేతులు వేసి ఒకటి ఎక్కువ వేడిగా ఉందేమో పోల్చుకుంటారు. నొప్పి లేకపోయినా ఒక పాదం ఎర్రబడి, వాచి, వేడెక్కితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు. నిన్న రాత్రి కుడి చిటికెనవేలి పక్కన రూపాయి బిళ్లంత ఎర్రదనం కనిపించింది. వాపు లేదు, వేడి లేదు. కొత్త బూటు అంచు సరిగ్గా అక్కడే ఒత్తుతోంది. ఈ ఉదయం పాత బూట్లు వేసుకున్నాను. సాయంత్రానికి రంగు తగ్గకపోతే ఫోను చేస్తాం.