అడుగున్నర దూరంలో పచ్చ చుక్క

దుంగను ముక్కలు చేసేటప్పుడు కోతకంటే కొలతకే ఎక్కువ సమయం పోతుందంటే ఈ పని చూడనివాళ్లు నమ్మరు. 20 అడుగుల నీలగిరి మానును అడుగున్నర ముక్కలుగా కొయ్యాలనుకోండి. 13 ముక్కలొస్తాయి. లెక్కప్రకారం చివర ఆరంగుళాలు మిగలాలి, కానీ ప్రతి కోతా పావు అంగుళానికి పైగా పొట్టు కింద తినేస్తుంది కాబట్టి మిగిలేది రెండు మూడంగుళాల బిళ్ల. ఆ 13 ముక్కలకూ 13 సార్లు చైన్ సా (గొలుసు రంపం) మిషన్ కింద పెట్టాలి, వంగాలి, టేపు లాగాలి, సుద్దతో గీత గీయాలి, మళ్లీ మిషన్ ఎత్తాలి. కొయ్యడానికి పట్టేది కొన్ని సెకన్లే. సాయంత్రానికి నడుము పట్టేసేది ఆ వంగడం వల్లే.

అందుకే చాలాచోట్ల టేపు పక్కన పడేసి మనిషిని పెట్టుకుంటారు. అడుగున్నర కర్ర చేతికిచ్చి దుంగ పక్కన నిలబెడతారు. వాడు కర్ర ఆనించి చూపిస్తాడు, మిషన్ పట్టినవాడు కోస్తాడు. పని చకచకా సాగిపోతుంది. కానీ తిరుగుతున్న గొలుసుకి ఆ కుర్రాడి చెయ్యి ఎంత దూరంలో ఉంటుంది? అదే అడుగున్నర.

బెంగళూరులో నా పక్కన ఆ కర్ర పట్టుకుని నిలబడింది మా అక్క కొడుకు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటలే మా బతుకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గర్లో తీరం దాటింది. తెల్లారేసరికి మా తోటలో నిలబడి ఉన్న చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. చైన్ సా మిషన్ నేను మొదటిసారి చేత్తో పట్టుకున్నది అప్పుడే, మా నాన్న నాటిన కొబ్బరిచెట్లను మా దారిలోంచి తొలగించడానికి. కొబ్బరి మాను పైకి మెత్తగా కనిపిస్తుంది గానీ దాని పీచు, దానికి అంటుకున్న ఇసుక కలిసి గొలుసు పళ్లను గంటలో మొండి చేసేస్తాయి. ఆకురాయితో పళ్లు పదును పెట్టడం ఆ నెలలోనే నేర్చుకున్నాను. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకొచ్చేదాకా ఏళ్లు ఆగాలి. అంతవరకూ ఇల్లు గడవాలి కదా. పలాసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు వచ్చాను.

ఇక్కడ మా కట్టెల యార్డు హోస్కోటె వైపు. చుట్టుపక్కల నీలగిరి తోటలు ఎక్కువ. మా యజమానిది కోలారు వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అయినా నాకు ఆ తెలుగు కొత్త. కూలీలతో కన్నడం. వచ్చిన కొత్తలో "మర కడీబేకు" అని ఎవరైనా అంటే నాకు అర్థమయ్యేది కాదు. మనకి మర అంటే యంత్రం, వాళ్లకి మర అంటే చెట్టు; చెట్టు కొట్టాలి అంటున్నారన్నమాట. ఒకే మాట నా చేతిలో ఉన్నదాన్నీ, ఎదురుగా ఉన్నదాన్నీ చెబుతోందని తెలిశాక మరి మర్చిపోలేదు.

ఏప్రిల్, మే నెలల్లో వాన గాలికి ఊళ్లో తురాయి, నిద్రగన్నేరు చెట్లు పడిపోతాయి. వాటిని దారిలోంచి తీసే పనికి కూడా పోతుంటాం. నిలబడి ఉన్న చెట్టు మీద మాత్రం అనుమతి కాగితం చూడకుండా నేను మిషన్ పెట్టను. కర్ణాటకలో చెట్ల సంరక్షణకు 1976 నుంచే చట్టం ఉంది, ట్రీ ఆఫీసరు అనుమతి కావాలి. చట్టం సంగతి అటుంచితే, ఒక్క రాత్రిలో చెట్లన్నీ పోగొట్టుకున్న ఊరినుంచి వచ్చినవాణ్ని. నిలబడ్డ చెట్టంటే నాకు గౌరవం.

ఇక ఆ రోజు సంగతి. కల్యాణమండపాల వంటవాళ్లకి అడుగున్నర కట్టెలు లారీడు కావాలన్నారు. మధ్యాహ్నం మూడయింది. ఇద్దరం అలసిపోయి ఉన్నాం. దుంగ అవతల ఇంకో దుంగ ఉంది, పొట్టు కప్పేసి ఉండడంతో నేను గమనించలేదు. గొలుసు చుట్టూ తిరిగే పొడుగాటి ఇనప పట్టీని బార్ అంటాం, దాని కొన పైభాగం ఆ దుంగకి తగిలింది. ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు, కొన పైభాగం దేనికైనా తగిలితే మిషన్ వెనక్కి, పైకి తన్నుతుంది. కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతుంది. గొలుసును ఆపే చైన్ బ్రేకు పడింది, నాకేం కాలేదు. కానీ మిషన్ ఎగిరినప్పుడు పక్కకు తిరిగి మావాడి చేతిలో కర్రను తాకింది. కర్ర ఎగిరి పది అడుగుల అవతల పడింది. వాడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటున్నాడు, వేళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టు. "ఏం కాలేదు మావయ్యా, ఏం కాలేదు" అని నాకే ధైర్యం చెబుతున్నాడు. ఆ రాత్రి అక్క ఫోన్ చేస్తే నేను మాట్లాడలేక వాడికే ఇచ్చేశాను.

మర్నాడు యజమానితో చెబితే, "జాగ్రత్తగా కొయ్యప్పా" అన్నారు. జాగ్రత్త వల్ల తీరేది కాదు అది. మనిషి అక్కడ నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. నిలబడకుండా ఉండడమే దారి.

అమెరికా, కెనడాల్లో చలికాలం ఇంట్లో కట్టెల పొయ్యి వేసుకుంటారు. అక్కడ కట్టె ముక్క మామూలుగా 16 అంగుళాలు ఉంటుంది. అన్నీ ఒకేలా కొయ్యడానికి వాళ్లు మిషన్‌కి చిన్న లేజర్ లైటు బిగించుకుంటారని ఒక వీడియోలో చూశాను. మిషన్ మీద నుంచి లైటు పక్కకి ఏటవాలుగా పడుతుంది. దుంగ చివరి అంచు మీద చుక్క పడేలా మిషన్ జరుపుకుని అక్కడ కోస్తే చాలు, ముక్క సరిగ్గా అనుకున్న పొడవు వస్తుంది. టేపు అక్కర్లేదు, గీత అక్కర్లేదు. అవన్నీ కాదు, నన్ను కట్టిపడేసింది ఒక్కటే. ఆ వీడియోలో మిషన్ పక్కన ఎవరూ లేరు.

కొని తెప్పించుకునే స్తోమత లేదు. ఆదివారం మావాణ్ని తీసుకుని ఎస్పీ రోడ్డుకు పోయాను. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాను ఏది కావాలన్నా అక్కడే. ఒక కొట్లో ఒంగోలు అన్న కలిశాడు. నేను చెప్పింది మొత్తం ఓపికగా విని, వేలంత ఉన్న ఎర్ర లేజర్ మాడ్యూలు ఒకటి, రెండు సన్న సెల్లుల డబ్బా, ఒక స్విచ్చు కలిపి టంకం పెట్టి ఇచ్చాడు. "కళ్లలోకి మాత్రం కొట్టొద్దు తమ్ముడూ, ఒక్క క్షణం కూడా" అని రెండుసార్లు చెప్పాడు.

బిగించడం దగ్గర చిక్కొచ్చింది. అయస్కాంతంతో అతికిద్దామనుకున్నాను. మిషన్ మూత ప్లాస్టిక్, లోపలి బాడీ మెగ్నీషియం, దేనికీ అయస్కాంతం అంటుకోదు. లైటు అతికించదగ్గ ఇనుము ఉన్నది బార్‌కీ, బార్ నట్లకే. అవి మరీ కిందికి, పొట్టు, నూనె అంతా పడే చోట ఉంటాయి. చివరికి జేసీ రోడ్డులో బైకుకి ఫోన్ తగిలించే క్లాంపు కొని ముందు హ్యాండిల్ పైపుకి బిగించాను. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను, అదురు తగ్గడానికి. దాని మీద చిన్న ఇనప పట్టీ నిలబెట్టి, కొసన లైటు. బార్ అంచు నుంచి లైటు దాకా కొలిస్తే 9 అంగుళాల ఎత్తు వచ్చింది.

సాయంత్రం నీడలో బ్రహ్మాండంగా కనిపించింది. మర్నాడు పదింటికి ఎండ పడగానే చుక్క మాయం. నీలగిరి బెరడు తెల్లగా ఉంటుంది, దాని మీద ఎర్ర చుక్కను ముక్కు ఆనించి వెతికినా కనపడలేదు. మళ్లీ ఒంగోలు అన్న దగ్గరికే పోయాను. ఆయన చెప్పింది ఇదీ. మనిషి కన్ను పగటిపూట అన్నిటికంటే బాగా పట్టుకునేది ఆకుపచ్చనే, 555 నానోమీటర్ల దగ్గర. మా ఎర్రది 650, పచ్చది 532. రెండింటి శక్తీ ఒకటే అయినా పచ్చది మన కంటికి సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. ధర కూడా ఎక్కువే. రెండు రోజుల భోజనం ఖర్చు అనుకుని తీసుకున్నాను. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఎండలో అది కూడా పలచబడుతుంది గానీ, మిషన్ నీడ పడేలా కొంచెం తిరిగి నిలబడితే తెలుస్తుంది.

తర్వాత నెలరోజులు ఆ చుక్కతో తంటాలు పడ్డాను. అందరూ తెలుసుకోవలసింది ఇక్కడే ఉంది.

లైటు 9 అంగుళాల పైనుంచి 18 అంగుళాల దూరానికి పడుతోంది. అంటే ఎత్తుకి రెట్టింపు దూరం. అందువల్ల బార్ చెక్కలోకి ఒక అంగుళం దిగితే చుక్క రెండంగుళాలు దగ్గరికి వచ్చేస్తుంది. మొదట్లో కోత మధ్యలో చుక్క చూసి కంగారుపడి మిషన్ జరిపేవాణ్ని, కోత వంకరపోయేది. బార్ బెరడుకి ఆనీ ఆనకుండా ఉన్నప్పుడు ఒక్కసారి చుక్క చూసుకోవాలి, తర్వాత దాన్ని మర్చిపోయి కొయ్యాలి. దుంగ చివర బొడిపె ఉంటే కూడా ఇదే గొడవ. అంగుళం ఎత్తు బొడిపె మీద చుక్క పడితే కొలత రెండంగుళాలు తప్పుతుంది. అందుకే వంకర్లు తిరిగిన తురాయి కొమ్మల మీద ఈ లైటు పనికిరాదు, వాటికి టేపే. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్ లాంటి నిటారు మానులకి దీన్ని మించింది లేదు.

ఇంకొకటి. మిషన్ పక్కకి ఐదు డిగ్రీలు వాలిందంటే చాలు, అటు వాలితే చుక్క దాదాపు నాలుగంగుళాలు దూరం పోతుంది, ఇటు వాలితే రెండున్నర అంగుళాలకు పైగా దగ్గరికొస్తుంది. ఐదు డిగ్రీలంటే మన చేతికి తెలియను కూడా తెలియదు. మొదటి వారం నా ముక్కలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. లైటు పాడనుకున్నాను. మావాడే పక్కనుంచి చూసి, "మావయ్యా, నువ్వు మిషన్ ఎడంవైపు వాలుస్తున్నావు" అన్నాడు. అన్నేళ్లుగా నా కోత ఎందుకు ఏటవాలుగా వస్తోందో, పేర్చిన కట్టెలు ఎందుకు దొర్లిపోతున్నాయో అప్పుడు తెలిసింది. మిషన్ నిలువుగా పట్టడం నాకు నేర్పింది ఆ చుక్క, దాన్ని చూసి చెప్పిన మా కుర్రాడు.

రేసు ఇచ్చినప్పుడు అదురుకి చుక్క చెదిరి గీతలా కనిపిస్తుంది. రేసు ఇస్తేనే గొలుసు తిరుగుతుంది, అందుకే ఇంజను మెల్లగా తిరుగుతూ గొలుసు ఆగి ఉన్నప్పుడే చూసుకుంటాను. గొలుసు నూనె చిమ్మి అద్దం మీద పడితే, దాని మీద పొట్టు అంటుకుంటే చుక్క మసకబారుతుంది. జేబులో పాత బనియన్ గుడ్డ ఉంచుకుని పెట్రోలు నింపుకునే ప్రతిసారీ తుడుస్తాను. నూనె రాసిన బార్ తళతళ మెరుస్తుంది, దాని మీద లైటు పడి కళ్లలోకి తిరిగి కొట్టకుండా లైటు మొహం ఎప్పుడూ బార్‌కి అవతలివైపు, కిందికే ఉండాలి. మిషన్ ఎత్తి పక్కవాడితో మాట్లాడేముందు స్విచ్చు ఆపుతాను. ఈ ఒక్క విషయంలో నేను ఎవరిమాటా వినను.

పని వేగం పెరిగింది. అది చూసి యజమాని ఒకరోజు, "లైటే కొలుస్తోంది కదా, ఇంక కుర్రాడెందుకు?" అన్నారు. నా గుండె జారిపోయింది. వాడి చేతులు కాపాడదామని నేను చేసిన పని వాడి కూలి పోగొట్టేలా ఉంది. నేను గట్టిగానే మాట్లాడాను. చైన్ సా పట్టినవాడు ఒంటరిగా పనిచేయకూడదండీ, నాకేదైనా అయితే మిషన్ ఆపేవాడు, మోసుకెళ్లేవాడు ఒకడు ఉండాలి, వాడు వెళ్లిపోతే నేనూ ఊరికి పోతాను అన్నాను. రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడోరోజు మావాడు మొండి గొలుసుకి పదును పెడుతుంటే పక్కన నిలబడి చాలాసేపు చూశారు. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కొలిచి కలపడం, గొలుసు బిగువు చూడడం, ముక్కలు పేర్చడం అన్నీ వాడే చూస్తున్నాడు ఇప్పుడు. కూలి తగ్గలేదు. పెరగనూ లేదు, దానికోసం అడుగుతూనే ఉన్నాను.

ఆ వెదురు కర్రను నేను పారేయలేదు. ఒక కొసన గొలుసు పళ్లు కొరికిన గాట్లు మూడు ఉన్నాయి. అదురుకి క్లాంపు రోజుకి వెంట్రుకవాసి కదులుతుంది, చుక్క దూరం మారిపోతుంది, కాబట్టి ప్రతి ఉదయం సరిచూసుకోవాలి. మొదటి దుంగ మీద, ఇంజను స్టార్ట్ చేయకముందే, నేను బార్ ఆనించి లైటు వేస్తాను. మావాడు ఆ కర్రను బార్ దగ్గర్నుంచి పరిచి పెడతాడు. పచ్చ చుక్క కర్ర కొస మీద పడిందా లేదా వంగి చూస్తాడు. పడకపోతే స్క్రూ కొంచెం తిప్పి మళ్లీ చూస్తాడు. కుదిరాక కర్ర తీసి సంచిలో పెట్టి, పేర్చిన కట్టెల అవతలికి, పది పదిహేను అడుగుల దూరం నడిచి వెళ్తాడు. అక్కడ నిలబడి చెయ్యి ఎత్తి "సరే మావయ్యా" అని కేకేస్తాడు. అప్పుడు తాడు లాగుతాను.