గోడ లేని చోట

"పార్టీలే లేకపోతే ఎంపీలు గోడ ఎలా దూకుతారు నాన్నా?" అంది మా చిన్నది, అన్నం కలుపుకుంటూ.

దాని స్కూల్ ప్రాజెక్టు తువాలు దేశం మీద. పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల దేశం, అక్కడ రాజకీయ పార్టీలే లేవు. పార్లమెంటుకు మొత్తం 16 మందే. నియోజకవర్గానికి ఇద్దరు.

2024 జనవరిలో ఎన్నికలైతే, అప్పటి ప్రధాని కౌసియా నటానోనే ఓడిపోయారు. ఆ తర్వాత వాతావరణం బాగోక, గెలిచినవాళ్లలో కొందరు పడవెక్కి రాజధాని ఫునాఫుటి చేరడానికే రోజులు పట్టింది. చివరికి ఫిబ్రవరి 26న ఫెలెటి టేయోను పోటీ లేకుండా ప్రధానిని చేశారు. నేను ఆ పడవ దగ్గరే ఆగిపోయాను. ఓట్లు గెలిచి, సముద్రం కోసం ఎదురుచూడటం!

గోడ లేకపోయినా అక్కడా దూకుతారు. అవిశ్వాసంతో ప్రధానులు పడిపోయారు. అది దానికి చెప్పలేదు, పెరుగు వడ్డించాను.